ఖాళీగా తిరిగొచ్చే పెట్టె

నేను ఒక శవపెట్టెను. అబ్బ, అలా మొహం చిట్లించకండి. నా పేరు వింటేనే మీకు గొంతు తడారిపోతుందని నాకు తెలుసు. పైగా నేనిప్పుడు మాట్లాడుతున్నది భూమిలోంచి. ఇక్కడంతా చీకటి, తడి. నా కడుపులో ఒక ముసలావిడ పడుకుని ఉంది. ఆవిడ ఇక మాట్లాడదు కాబట్టి ఆవిడ సంగతి కూడా నేనే చెబుతాను.

పుట్టుకతో నేను పడవని. నరసాపురం వైపు ఒక రేవులో జనాన్ని ఏటి అవతల దించి, సాయంత్రాలు ఖాళీగా ఇవతలికి వచ్చేదాన్ని. పడవ అడుగు పుచ్చిపోయాక, గట్టి చెక్కలు ఏరి సత్యాచారి అనే వడ్రంగి నన్ను పెట్టెగా చేశాడు. ఏటి ఒడ్డున లేసు అల్లుకుని బతికే పేట ఒకటుంది. అక్కడి చర్చివాళ్ళు నన్ను కొన్నారు. రూపం మారింది గానీ నా పని మారలేదు లెండి.

ఎందుకంటే ఆ పేటలో సొంత పెట్టె కొనుక్కునే స్తోమత ఎవరికీ లేదు. సంఘానికంతటికీ నేనొక్కదాన్నే. ఎవరు పోయినా చాపతో సహా నాలో పడుకోబెట్టి, పాటలు పాడుతూ సమాధుల దొడ్డికి మోసుకెళ్ళేవారు. గోతి దగ్గర ప్రార్థన అయ్యాక చాప అంచులు పట్టుకుని మనిషిని నాలోంచి ఎత్తి గోతిలోకి దించేవారు. నన్ను మాత్రం తెచ్చి, కడిగి, చర్చి వసారాలో గోడవార పెట్టేవారు. క్రిస్మస్ నక్షత్రాలూ రంగుకాగితాలూ కూడా నాలోనే దాచేవారు. పండక్కీ చావుకీ ఒకటే పెట్టె! మనుషుల పొదుపు చూసి నవ్వుకునేదాన్ని.

కానీ ఎంత కడిగినా పోయినవాళ్ళు పూర్తిగా పోరండీ. ఒకరి చుట్టకంపు, ఒకరి తలనూనె, ఎవరిదో చంటిదాని పాలవాసన నా చెక్కల్లో ఉండిపోయాయి. గాలి లేని మధ్యాహ్నాల్లో అవన్నీ ఒక్కసారి కదిలితే నేను కిర్రుమనేదాన్ని. వసారాలో లేసు అల్లుకునే ఆడవాళ్ళు సూదులు ఆపేసి, "పెట్టె మూలిగిందే, ఎవరికో పిలుపొచ్చింది" అనుకునేవారు.

భయపడనిది ఎస్తేరమ్మ ఒక్కతే. పిల్లలు లేని మనిషి, చెల్లెలి కూతురు సలోమిని పెంచుకుంది. వచ్చినప్పుడల్లా నా మూత మీద వేలి కణుపుతో టకటకా కొట్టి, "ఇంకా రాలేదులే నా వంతు" అనేది.

ఆమె భర్త దానియేలుని కూడా నేనే మోశాను. వానాకాలం. అక్కడి నేల రెండు మూరలు తవ్వితే చాలు, నీరు ఊరుతుంది. ఆ నీళ్ళలోకి చాపతో ఆయన్ని దించారు. మొదటి పార మట్టి ఆయన గుండెల మీద థప్పుమని పడింది. ఎస్తేరమ్మ చెవులు మూసుకుంది. అయినా ఆ చప్పుడు ఆమెను వదల్లేదు. ఎక్కడో ఎవరో తడిబట్ట బండకేసి కొట్టినా ఉలిక్కిపడి చెయ్యి గుండెకు పెట్టుకునేది.

"నన్నలా ఎత్తి పడెయ్యకండే. నాకో పెట్టె కావాలి, సొంతది. ఆ మట్టి నా మీద పడకూడదు" అనేది సలోమితో.

ఆ రోజుల్లోనే ఫణీంద్ర అనే కుర్రాడు వసారాకి వచ్చాడు. పెద్దవాళ్ళ అంత్యక్రియల ఖర్చుకి పాలసీలు అమ్ముతాడట. కాగితాలు తీసి నా మూత మీదే పరిచాడు, పాపం, బల్ల అనుకున్నాడు. ఆడవాళ్ళు కిసుక్కున నవ్వారు.

"మామ్మగారూ, మెడికల్ టెస్టులు కూడా లేవండి" అన్నాడు.

"అయితే నేను రేపే పోతేనో?"

కుర్రాడు కాగితం తిరగేశాడు. "రేపైతే కట్టింది మాత్రం తిరిగిస్తారండి. రెండేళ్ళు దాటితేనే మొత్తం."

"అదీ, ముందు చెప్పాల్సింది అది. మరి కిస్తీ ఏటేటా పెరుగుద్దా?"

"ఆయ్, పెరగదండి."

"నోటిమాట కాదు, కాగితంలో ఎక్కడుందో మా సలోమికి చూపించు. దాని పేరే రాయి నామినీగా. నాకు ఆయాసం ఉందని కూడా రాయి."

"అది రాస్తే కిస్తీ ఎక్కువవుద్దండి. వదిలేద్దాం."

"రాయి అబ్బాయ్! నేను పోయాక నా అబద్ధానికి జవాబు ఎవరు చెప్తారు, నువ్వా?"

అన్నీ అడిగింది మహాతల్లి. ఒక్కటి మాత్రం అడగలేదు. ఆ డబ్బు ఎన్నాళ్ళకి చేతికొస్తుందో అడగలేదు. ఆ పేటలో పోయినవాళ్ళని మర్నాటికి మట్టిలో పెట్టేస్తారు. చావు ఆగదు కాబట్టి చావు డబ్బూ ఆగదనుకున్నారు అందరూ. నాకు మాత్రం గుబులు పుట్టింది. గట్టిగా కిర్రుమన్నాను. "అమ్మో, మూలిగింది" అంటూ ఆడవాళ్ళు లేచిపోయారు తప్ప ఒక్కరికీ అర్థం కాలేదు.

లేసు కొనేవాళ్ళు డబ్బు ఎగ్గొట్టిన నెలల్లో కాఫీ మానేసి మరీ కిస్తీ కట్టిందావిడ. మిగిలిన దారంతో తన పెట్టె లోపల పరవడానికి తెల్లటి లేసు అల్లుకుంది. రెండేళ్ళు దాటిన రోజు నా మూత తట్టి, "ఇక నీతో పనిలేదే నాకు" అని నవ్వింది. నాకు సంతోషమేసింది, కాస్త ఉక్రోషం కూడా వచ్చింది.

తర్వాతి వానల్లో ఒక రాత్రి ఆయాసం ముదిరి తెల్లారేసరికి పోయింది. సలోమి ఏడుస్తూనే ఫణీంద్రకి ఫోన్ చేసింది.

"డబ్బులు తప్పకుండా వస్తాయండి. డెత్ సర్టిఫికెట్ తీసి ఫారం పెడితే నెలా నెలన్నరలో..."

"పెట్టె ఇవాళ కావాలండీ!"

"ఆ సంగతి మామ్మగారు అడగలేదండి."

"మీరూ చెప్పలేదు" అని ఫోన్ పెట్టేసింది.

వడ్రంగి, కలప కొనడానికైనా డబ్బు ముందు ఇమ్మన్నాడు. ఇంట్లో ఉన్నది మందులకే అయిపోయింది. సంఘపెద్ద పరంజ్యోతి నన్ను బయటికి తీయించి, "ఎప్పట్లాగే కానిద్దాం అమ్మా. ఆ డబ్బొచ్చాక మంచి సమాధి కట్టిద్దువుగాని" అన్నాడు. ఆడవాళ్ళు నక్షత్రాలు తీసేసి, ఆమె అల్లిన లేసు నాలోనే పరిచారు. ఏ పెట్టె కోసం అల్లిందో, ఏ పెట్టెకి దక్కిందో చూడండి!

గోతిలో నీళ్ళు ఊరుతున్నాయి. ప్రార్థన అయ్యాక ఇద్దరు మగాళ్ళు చాప అంచుల కోసం వంగారు. సలోమి వచ్చి నా మీదికి అడ్డంగా వాలిపోయింది.

"తియ్యొద్దు మావయ్యా! పెట్టెతోనే దించండి. కొత్తది నేను చేయిస్తాను."

"ఇది సంఘానిది అమ్మా. రేపు ఇంకొకరు పోతే? కంపెనీవాడు ఇవ్వనంటే?"

"ఎందుకంటాడు? ఆయాసం రాయించింది. గడువు దాటింది. ఒక్క కిస్తీ తప్పలేదు. నామినీ నేను, బాండు నా దగ్గరుంది. మావయ్యా, ఆ మట్టి చప్పుడు విని ఎన్నేళ్ళు ఏడిచిందో మీకు తెలీదు!"

పరంజ్యోతి గోతిలోకి చూశాడు. ఆయన భార్యను కూడా అలాగే దించారు, ఆ చప్పుడు ఆయనా విన్నాడు. "మూత బిగించండ్రా" అన్నాడు.

డబ్బు వచ్చిందట. నెల దాటాక సలోమి వచ్చి, సమాధి మీద కూర్చుని చెప్పింది. చర్చి వసారాలో ఇప్పుడు కొత్త పెట్టె ఉందట. అది కూడా వెళ్ళి ఖాళీగా తిరిగొస్తోందా, లేదా అన్నది నాకు తెలియదు. పైన పాటలు వినిపించినప్పుడల్లా చెవి రిక్కిస్తాను.

కానీ నన్ను గోతిలోకి దించిన రోజు మాట ఒకటి చెప్పాలి. తాళ్ళు నా కింద నుంచి జారిపోయాయి. వెనక్కి లాగుతారని అలవాటుకొద్దీ ఎదురుచూశాను. ఎవరూ లాగలేదు. చుట్టూ చల్లగా నీరు చేరింది. పడవ చెక్కని కదా, నీళ్ళంటే నాకు భయం లేదు. పైన ఎవరో పార ఎత్తారు. లోపల లేసు మధ్య ఆమె చెయ్యి గుండె మీదే ఉంది. మట్టి థప్పుమని పడింది.

నా మీద పడింది.