కుట్టు పుస్తకం, తొమ్మిదో పేజీ నుంచి

చేయాల్సిన పనులు ఇవి. చదవకుండా అచ్చువేసే ప్రెస్సు వెతకాలి, దొరక్కపోతే చదివి కూడా అచ్చువేసే ప్రెస్సు వెతకాలి. ఆరోగ్యం గురించి రాసిన భాగం ఒక లేడీ డాక్టరుకు చూపించాలి. ఇంకా హీబ్రూలోనే ఉండిపోయిన మూడు పేజీలు అరబిక్‌లోకి తేవాలి. అట్ట మీద ఏం వేయాలో తేల్చాలి. మూడొందల కాపీలు మనమే మడిచి పిన్నులు కొట్టుకోవాలి. గురువారాలు ఫోను దగ్గర ఎవరు కూర్చోవాలో రాసుకోవాలి. ఇళ్ళల్లో అమ్మలకు చెప్పకూడదు.

చివరిది నిబాల్ రాసింది. మిగతావన్నీ రగ్దా చేతిరాత.

రగ్దా ఇజ్రాయెల్‌లోని హైఫాలో, వాదీ నిస్‌నాస్ బజారులో ఒక మందుల షాపులో ఫార్మసిస్టు. వాళ్ళ నాన్న షఫా అమ్ర్‌లో టైల్స్ పరిచే మేస్త్రి. ఆ ఇంట్లో డిగ్రీ చేతికొచ్చిన మొదటి మనిషి ఆమే. అందుకేనేమో, ఏ పని అప్పగించినా పరీక్షకు కూర్చున్నట్టు చేస్తుంది. ఆడవాళ్ళను ప్రేమించే ఆడవాళ్ళు ఎనిమిదిమంది, అందరూ అరబ్బులే, రెండేళ్ళుగా మహిళా కేంద్రం వెనకగదిలో కలుసుకుంటున్నారు. రగ్దా, నిబాల్, మనార్ ఆ ఎనిమిదిమందిలోవాళ్ళే. తమలాంటివాళ్ళ కోసం అరబిక్‌లో ఈ పుస్తకం వేద్దామని పట్టుబట్టింది మాత్రం రగ్దాయే.

తనేమిటో ఆమె పద్దెనిమిదో ఏట యూనివర్సిటీ లైబ్రరీలో, హీబ్రూ పుస్తకం చదివి తెలుసుకుంది. చదివింది అర్థమైంది. కానీ పక్కింటివాళ్ళ పేరు మీద వచ్చిన ఉత్తరం విప్పి చదివినట్టు అనిపించింది. అమ్మతో పోట్లాడే భాషలో, దేవుడికి మొక్కుకునే భాషలో ఆ మాటలు ఎక్కడా లేవు. మనవాళ్ళకు హీబ్రూ వచ్చుగదా, అరబిక్‌లో అడిగేవాళ్ళెవరే అని నిబాల్ వాదించింది. అడగడానికి అరబిక్‌లో ఇప్పటిదాకా ఏముంది గనక అని రగ్దా అంది.

పుస్తకం చదివినవాళ్ళు ఫోను చేసి మాట్లాడేందుకు కేంద్రం మేనేజరు ఒక లైను ఇచ్చి, గడువు పెట్టింది. గురువారం సాయంత్రాలు ఫోను వాడుకోండి, మే నెలాఖరుకల్లా ఒక్క ఫోనయినా రాకపోతే ఆ లైను వేరేవాళ్ళకిస్తాను అంది. కోపంగా ఏమీ అనలేదు. అడిగేవాళ్ళు వరసలో ఉన్నారు మరి. ఆ లైను పోతే తన మాట పోయినట్టేనని రగ్దాకు తెలుసు. తన మాట సంగతి అటుంచి, ఎక్కడో ఏదో ఊళ్ళో ఒక మనిషి ఒంటరిగానే ఉండిపోతుంది.

అట్ట దగ్గర చర్చ చాలాసేపు నడిచింది. అన్నదమ్ములు ముట్టని పుస్తకమేది? వంటల పుస్తకమంటే మనార్ ఒప్పుకోలేదు. వాళ్ళన్నయ్య బొమ్మలు చూడ్డానికి వంటల పుస్తకాలు తిరగేస్తాడట. చివరికి కుట్టు నమూనాల పుస్తకమైతే మేలని తేలింది. నల్ల అట్ట, మధ్యలో ఎర్రటి కుట్టు నక్షత్రం. ఎవరైనా విప్పినా అనుమానం రాకుండా మొదటి ఎనిమిది పేజీల్లో నిజంగానే నమూనాలు పెట్టారు. తొమ్మిదో పేజీ నుంచి అసలు విషయం, వెనక అట్ట మీద ఫోను నంబరు. నమూనాలన్నీ మనార్ గీసింది. ఇళ్ళ ప్లాన్లు గీసే పిల్ల, గళ్ళ కాగితం మీద చెయ్యి బాగా తిరిగింది. సూది మాత్రం పుట్టి బుద్ధెరిగి పట్టలేదు.

నజరేతులో ఒక ముసలి ప్రెస్సాయన తొమ్మిదో పేజీ పూర్తిగా చదివి, కళ్ళజోడు తుడుచుకుని, ఎప్పుడొచ్చి తీసుకెళ్తారని మాత్రం అడిగాడు. మూడొందల కాపీలూ వెనకగదిలో నేల మీద పరుచుకుని మడిచారు. చేతులన్నీ సిరా అయ్యాయి. తొలి కాపీకి పిన్ను కొట్టగానే రగ్దా లేచి నిలబడి తొమ్మిదో పేజీ పైకి చదివింది.

"నీకు జబ్బేమీ లేదు. నువ్వు ఒక్కదానివే కాదు. ఈ మాట నీ ఇంటి భాషలోనే చెబుతున్నాం, విను."

తన గొంతు తనకే కొత్తగా వినబడింది. తర్వాత మనార్ నవ్వడం మొదలుపెట్టింది, నవ్వుతూనే కళ్ళు తుడుచుకుంది. ఇంకోసారి చదవవే అని నిబాల్ నేల చూస్తూ అంది. రగ్దా నాలుగుసార్లు చదివింది.

కాపీలు యూనివర్సిటీలో నమ్మకమైన అమ్మాయిలకు పంచారు. ఆ తర్వాత మూడు గురువారాలు ఫోను పలకలేదు. పొద్దుతిరుగుడు గింజలు ఒలుస్తూ నిబాల్ వెక్కిరించేది. "ఫార్మసిస్టమ్మా, ఆ ఫోనుకేమైనా మందు పోయరాదూ?" రగ్దా రిసీవరు ఎత్తి శబ్దం ఉందో లేదో చూసి పెట్టేసేది. ఇక మే నెలలో ఒక్క గురువారం మిగిలింది.

ఆ గురువారం నాలుగూ పదికి ఫోను మోగింది. రగ్దా నేర్చుకున్న మాటలన్నీ వరసలో పెట్టుకుని, రిసీవరు ఎత్తింది.

"కుట్టు పుస్తకం వాళ్ళేనా?" అంది ఒకావిడ. "ఐదో పేజీలో ఆ సైప్రస్ చెట్టు వేసిన మహాతల్లి ఎవరమ్మా? ఎడమవైపు రెండు వరసలు మింగేసింది. మా కోడలు రెండ్రోజులు కుట్టి, మూడ్రోజులు విప్పింది."

రగ్దా క్షమాపణ చెప్పుకుంది. పెట్టగానే మళ్ళీ మోగింది. అదే చెట్టు. మూడోదీ చెట్టే. నాలుగో ఆవిడ చెట్టుతోపాటు ఏడో పేజీలో చంద్రుడు కూడా వంకరేనంది. మనార్ మొహం అట్ట మీది నక్షత్రంకన్నా ఎర్రబడింది.

సంగతి అప్పుడు బోధపడింది. గలిలీ ప్రాంతపు ఊళ్ళల్లో ఇంట్లోకొచ్చిన కుట్టు నమూనా ఒకరి సొత్తు కాదు. సెలవుకెళ్ళిన అమ్మాయి సంచిలోంచి అక్క తీసుకుంది, అక్క దగ్గర మేనత్త, మేనత్త దగ్గర పొరుగావిడ. ఎండాకాలం పెళ్ళిళ్ళు ముందున్నాయి, అందరికీ దిండుగలీబులు కావాలి. మగవాళ్ళు ముట్టరని లెక్క వేశారుగానీ, ఆడవాళ్ళు వదలరని ఎనిమిదిమందిలో ఒక్కరికీ తట్టలేదు.

ఐదో ఆవిడ తొమ్మిదో పేజీ కూడా చదివింది. నోటికొచ్చినట్టు తిట్టి పెట్టేసింది. ఆరో మనిషి ఏమీ మాట్లాడకుండా ఊపిరి మాత్రం వినిపించి పెట్టేసింది. నిబాల్ భయపడిపోయింది, ఊళ్ళన్నిటికీ తెలిసిపోయింది, పీకెయ్యవే ఆ వైరు అంది. రగ్దా వైరుకు అడ్డంగా కూర్చుంది. ఆమెకు భయం లేకపోలేదు. కానీ భయం కింద ఏదో ఉప్పొంగుతోంది. ఆ పుస్తకం తాము కలలో కూడా చేరలేని వంటగదుల్లోకి చేరిపోయింది.

మళ్ళీ మోగింది. ఈసారి నిదానమైన గొంతు.

"అమ్మాయ్, నాది సఖ్నీన్ వైపు. నాకు చదువు నిదానం. మీ పుస్తకం మొత్తం చదవడానికి ఆరు రోజులు పట్టింది. చెట్టు తప్పు, అది నీకు తెలుసా?"

"తెలిసింది పిన్నీ. సరిచేస్తాం."

"మరి మిగతాది? అది కూడా ఇలాగే సరిచూసుకోకుండా రాశారా?"

రగ్దా రిసీవరు రెండు చేతులతో పట్టుకుంది. "లేదు పిన్నీ. మిగతాది డాక్టరమ్మకు చూపించాం. ఒక్కో మాట అందరం కూర్చుని చూసుకున్నాం. దానికి నాది పూచీ."

అవతల ఎక్కడో కోడి అరిచింది.

"అయితే తొమ్మిదో పేజీ నిజమే."

"నిజమే పిన్నీ."

"నాకు అరవైమూడేళ్ళు," అందావిడ. "ఈ మాట ఇన్నేళ్ళకు విన్నాను."

తర్వాత ఆవిడ ఆగకుండా మాట్లాడింది. రగ్దా కాగితం లాక్కుని రాసుకుంది. ఆవిడ స్నేహితురాలి పేరు తమామ్. ఇద్దరూ పక్కపక్క ఇళ్ళల్లో ముప్ఫై ఒక్క ఏళ్ళు. ఊరంతా వాళ్ళను అక్కచెల్లెళ్ళనేది, వాళ్ళు అననిచ్చారు. తమామ్ ఆలివ్ కోతలప్పుడు ట్రాక్టరు నడిపేది, మగవాళ్ళకన్నా ముందు తోట ముగించేది. దారం పంటితో తెంపేది, వద్దంటే ఇంకా గట్టిగా తెంపేది. రెండు చలికాలాల కింద పోయింది. పరామర్శ ఇంట్లో ఈవిడ బంధువుల వరసలో కూర్చోలేదు, వచ్చినవాళ్ళకు చేదు కాఫీ పోస్తూ తిరిగింది. నీకెలా ఉందని ఒక్కరూ అడగలేదు.

"నా పేరు ఎక్కడా రాయకు తల్లీ. ఆమె పేరు రాయి. దానికిప్పుడు ఎవరూ అడ్డురారు."

రగ్దా రాస్తానంది. రిసీవరు పెట్టి వెనక్కి తిరిగేసరికి నిబాల్ చేతిలో గింజలు నేల మీద చెల్లాచెదురుగా ఉన్నాయి. ఇటువైపు సగం మాటలు అందరూ విన్నారు. మనార్ వచ్చి రగ్దా మెడ చుట్టూ చేతులేసి గట్టిగా ఊపేసింది. ఇద్దరూ పిల్లల్లా గదంతా గెంతారు. ఫోను మళ్ళీ మోగింది. ఈసారి నిబాల్ పరుగెత్తి ఎత్తింది.

ఎనిమిదిన్నరకు లెక్క చూస్తే పద్నాలుగు ఫోన్లు. మేనేజరు లైను ఉంచింది. రెండో ముద్రణ ఆ ఆగస్టులోనే వచ్చింది, అందులో తొమ్మిదో పేజీ కింద రగ్దా ఇలా వేయించింది:

ఇది చదువుతున్న అమ్మా, నువ్వెవరివైనా సరే, నీకొక మనవి. తమామ్ అని ఒకామె ఉండేది. ట్రాక్టరు నడిపేది, దారం పంటితో తెంపేది, ఒక స్త్రీని ముప్ఫై ఒక్క ఏళ్ళు ప్రేమించింది. ఆమెను గుర్తుంచుకో.