పద్మారాణి ముడులు

పద్మారాణిని చంపింది పరుశురాం. ఆస్పత్రి వాళ్లు కాగితం మీద రోగం పేరు ఏదైనా రాసి ఉండొచ్చు. చంపింది మాత్రం పరుశురామే. ఆమె భర్త రాజనర్సు ఈ మాట మీద ఎవరితోనూ వాదించలేదు. పొద్దు తూర్పున పొడుస్తుందని ఎవరితో వాదిస్తాం?

పరుశురాం సూరత్ దగ్గర జోల్వాలో ఒక సాంచాల కార్ఖానాకు, అంటే మరమగ్గాల ఫ్యాక్టరీకి, మేనేజరు. అతనిదీ రాజనర్సుదీ ఒకే ఊరు, ఏడో తరగతి దాకా ఒకే బడి. జపాన్ నుంచి నీళ్ల ధారతో పోగు నడిపే కొత్త సాంచాలు దిగినప్పుడు వాటిని బిగించడానికి మోరి అనే ఇంజనీరు వచ్చి, కరోనా లాక్‌డౌన్‌లో సూరత్‌లోనే చిక్కుకుపోయాడు. ఆయనకు ఇక్కడి కారం పడలేదు. వదినె చెయ్యి మంచిదని పరుశురాం పద్మారాణిని గెస్ట్‌హౌస్‌లో వంటకు పెట్టాడు. మరుసటి ఏడు ఏప్రిల్‌లో మోరికి జ్వరం వచ్చింది. మోరి లేచి తిరిగాడు. పద్మారాణి లేవలేదు. శవాన్ని కూడా ఇంటికి ఇవ్వలేదు. "సాబ్‌కు రెండు దినాలే జ్వరం. వదినెకు బజార్ల అంటుకున్నది," అన్నాడు పరుశురాం. ఆ తర్వాత రాజనర్సు అతనితో మాట్లాడలేదు.

పది నెలలు గడిచాయి. ఒక పొద్దున రాజనర్సు రాత్రి పాళీ దిగి నవాగామ్‌లోని తన ఒంటిగది ఖోలీకి వచ్చి, మేకుకు వేలాడుతున్న దారాల కుచ్చులోంచి ఒకటి లాగి, చేతుల నూనె తుడుచుకుంటున్నాడు. పక్క ఖోలీ అంబదాస్ భార్య ప్రసన్న గుమ్మంలో నిలబడింది.

"మామా, జర మాట్లాడాలె. కోపం జేయొద్దు."

"అది నీ చేతుల లేదు. చెప్పు."

"మోరి సాబ్ మళ్లొచ్చిండు. వంటకు నన్ను పెట్టుకున్నరు."

"పరుశురాం పెట్టిండా?"

"ఏం జేయాలె మామా? మా ఆయన సాంచా తీసేసిండ్లు. కొత్తయి ఎన్మిదింటికి ఒక్కడు సాలంటున్నరు. మూడు దినాలు జూసి నన్ను గూడ తీసేసేటట్టున్నరు. నేనేం వండినా ఆ సాబ్ దండం బెట్టి పక్కకు జరుపుతుండు. ఇంట్ల అమ్మ వండినట్టు గావాల్నట."

"ఫోన్ల చూసి వండు. లోకమంతా అండ్లనే ఉన్నదంటరు గదా."

"చూసిన. ఒకామె హిందీల చెప్తది. మ్యాగీల సోయా పోసి ఇదే జపాన్ వంట అంటది. ఇంకొకాయన వాళ్ల భాషలనే చెప్తడు. కింద అక్షరాలు ఉరుకుతయి, నేను చదివే సరికి ఆయన తిని చెయ్యి గూడ కడుక్కుంటడు. శేఠ్ కొడుకు ఇంగ్లీషు పుస్తకం తెచ్చిండు. బొమ్మలు మంచిగున్నయి, అండ్ల జెప్పిన చేప సూరత్‌ల దొరకది." ఆమె గొంతు తగ్గించింది. "అత్త వండింది ఒక్కటే తిన్నడట. అత్త గుర్తులు నీ దగ్గరుంటయని వచ్చిన."

"ఏం గుర్తులు? ఆమెకు అక్షరం ముక్క రాదు. ఏం రాసుకుంటది?"

ప్రసన్న అతని చేతి వంక చూసి గట్టిగా అరిచింది. "మామా! దాంతోని తుడువకు!"

రాజనర్సు ఆగాడు.

"అత్త రాసుకోలే. ముడులేసుకున్నది. జపాన్ నుంచి మోరి సాబ్ తల్లి ఫోన్ల వండి చూపెడుతుంటె, అత్త ఇటు దారానికి ముడులేసేది. ఒక కూరకు ఒక దారం. నల్లపోగు సోయా, పసుపు పోగు మురగబెట్టిన సోయా గింజల ముద్ద, తెల్లపోగు బియ్యం. చిన్న ముడి చెంచా, పెద్ద ముడి గరిటె. నాకు ఒకపారి చూపెట్టింది."

సాంచా దగ్గర తెగిన దారాల కుచ్చు వేలాడుతుంటే సాలెవాడు అడగడు, ఆలోచించడు. చేతులు తుడుచుకుంటాడు, పారేస్తాడు. రాజనర్సు పది నెలలుగా అదే చేశాడు. మేకు మీద ఇంకా అయిదు మిగిలాయి. చేతిలో ఉన్నది నల్లగా, నూనె ముద్దయి, ఏ ముడి ఏదో తెలియకుండా ఉంది.

"ముందుగాల చెప్పేడ్వొద్దా!" అని ఆమె మీద విరుచుకుపడ్డాడు. ప్రసన్న అయిదింటినీ తీసి చాప మీద పరిచింది.

ఒకటి అన్నిటికన్నా పొడుగ్గా ఉంది, తెల్లది. "ఇది గంజి, మామా. పాణం బాగలేనోళ్లకు పోసేది. బియ్యం ఒక గరిటె, నీళ్లు పది."

"ఈ పక్కన ఎర్ర ముడులేంది?"

"వండిన దినాలు. దినానికి ఒకటి."

రాజనర్సు వేలితో ఒక్కో ముడినీ తడిమాడు. పదకొండు.

ఆ ఏప్రిల్‌లో పద్మారాణి బయట గ్యాలరీలో పడుకునేది. తన కంచం, తన గ్లాసు వేరుగా పెట్టుకుంది. "జపానోని ఇంట్ల తిని మా కంచం గలీజు అయిందా?" అని అతను రోజూ దెప్పాడు. "ఉక్కపోస్తుంది, నువ్వు పండుకో," అనేది ఆమె. అంతకు మించి ఏమీ అనలేదు.

"నిన్ను పరుశురాం తోలిండా? యాడున్నడు?"

"కింద, స్కూటర్ మీద."

రాజనర్సు తెల్ల దారం పట్టుకుని మెట్లు దిగాడు. పరుశురాం మాస్కు గదువ కిందికి లాక్కుని లేచి నిలబడ్డాడు. "అన్నా, ఎట్లున్నవే?"

"ఆ జపానోనికి ఎన్ని దినాలురా జ్వరం?"

"పాత ముచ్చట ఎందుకన్నా... రెండు దినాలు."

రాజనర్సు దారాన్ని అతని మొహం ముందు సాగదీసి పట్టుకున్నాడు. "లెక్కవెట్టు. దినానికొక్క ముడి. ఆమె వేసిన ముడులు అబద్ధమాడవు."

పరుశురాం లెక్కపెట్టలేదు. తల దించుకున్నాడు. "అది కరోనా అని వదినెకు మొదటి దినమే ఎరుక, అన్నా. నేనే చెప్పిన. 'మీ అన్నకు జెప్పకు, వచ్చి కొట్లాడి సాంచా పోగొట్టుకుంటడు' అన్నది. 'నేను ఇడిసిపెట్టి పోతే ఆ మనిషికి గంజి పోసేటోళ్లు లేరు' అన్నది."

"ఆమె మంచిది. అది నీకెరుక. ఎరుకుండే వాడుకున్నవు." రాజనర్సు గొంతు లేవలేదు. "నా ముంగటి కెల్లి పో. ఇంకోసారి ఈ గల్లీల కనవడకు."

పైకి వచ్చి నాలుగు దారాలు ప్రసన్న చేతిలో పెట్టాడు. తెల్లది తన అంగీ జేబులో పెట్టుకున్నాడు.

"గంజిది నీకియ్యను. ఆనికి ఒళ్లు వేడయిందంటె గరిటె ఆడ్నే పడేసి ఇంటికి రా."

"మరి ఆయనకు గంజి ఎవరు పోస్తరు, మామా?"

"పరుశురాం పోస్తడు."

ప్రసన్న దారాలను కొంగులో ముడేసుకుని గుమ్మం దాకా పోయి, ఆగింది. "అత్త నీకొక్క మాట ఎందుకు జెప్పలేదో..."

రాజనర్సు నల్లా కింద సబ్బుతో చేతులు రుద్దుకుంటున్నాడు. వెనక్కి తిరగలేదు.

"ఇగ ఆ ముచ్చట ఇయ్యాల్టితోని ఒడిసింది. నా ముంగట మళ్ల ఎత్తకు. ఎవ్వడడిగినా నేనెత్తను, సచ్చేదాక ఎత్తను."