దూడకు పొలమారింది

ఆ ఉదయం ముసురు ఆగింది గానీ మబ్బు విడవలేదు. తూర్పు దిక్కు బూడిద రంగులోనే ఉండిపోయింది. గొడ్లపాక చూరులోంచి ఒక చెయ్యి నన్ను బయటికి లాగింది.

నేను ఒక వెదురు గొట్టాన్ని. ఒక చివర కణుపు, ఇంకో చివర ఏటవాలుగా చెక్కిన మూతి. పశువుల నోట్లో మందు పోయడం నా పని. వాడలో పాలచెంబు ఎవరూ అరువివ్వరు, నన్ను మాత్రం అడగకముందే ఇచ్చేస్తారు. జబ్బున్న ఇంటి వస్తువు ఎంత తొందరగా గడప దాటితే అంత మేలట.

నన్ను మేదరవాళ్ల దగ్గర కొన్న మొదటి ఇంట్లో ఒక దూడకు మందు పోస్తుంటే పొలమారింది. మనుషులకు పొలమారితే ఎవరో తలుచుకుంటున్నారని నెత్తిమీద తడతారు కదా, దానికీ అలాగే తట్టి, మిగతాది పోసేశారు. మందు ఊపిరితిత్తుల్లోకి పోయింది. దూడ రొప్పి రొప్పి చచ్చిపోయింది. గేదె చేపి పాలు వదలాలి కాబట్టి ఆ దూడ తోలులోనే గడ్డి కూరి దాని ముందు నిలబెట్టారు. అది గడ్డిదూడను నాకుతూ పాలిచ్చింది.

చేతులు మారి ఇప్పుడు గవరయ్య ఇంటికొచ్చాను. ఇక్కడా గేదెదూడే. పొట్ట కుండలా ఉబ్బింది, వెన్నెముక తేలింది. మన్ను నాకుతోంది. తెల్లని బంకమన్నులా పారుతోంది. పేగుల నిండా ఏలికపాములు. పశువుల ఆసుపత్రిలో నట్టల మందు ఇచ్చారు. కడుపులోకి దిగితే దూడ బతుకుతుంది. దారి తప్పితే ఏమవుతుందో నాకు తెలుసు, చెప్పడానికి నోరు లేదు.

గవరయ్య దూడ మూతి పైకెత్తి, నాలుక బయటికి లాగి పట్టుకున్నాడు. అతని భార్య బంగారి నన్ను దవడ పక్కనుంచి దూర్చింది. అత్త సిమ్మాలమ్మ వెనక నిలబడి తొందరపెట్టింది.

“వంచే! ఏటలా వణికిపోతన్నావు? పులి నోట్లో ఎట్టినావేటి సెయ్యి!”

రెండు గుటకలు పడ్డాయో లేదో దూడ ఉక్కిరిబిక్కిరై దగ్గింది. ఆ దగ్గు వచ్చి నా మూతికి కొట్టింది.

“ఎవలో తలుసుకుంతన్నారు,” అంటూ సిమ్మాలమ్మ దూడ నెత్తిమీద తట్టింది. “పొయ్యే, ఏటి సూస్తావు!”

నాలో ఇంకా సగం మందు ఉంది. ఎటు వంచితే అటు ఒంపడమే తప్ప నాకు వేరే దారి లేదు.

బంగారి నన్ను బయటికి లాగేసింది.

“దీన్నెవలు తలుసుకుంతారత్తా? యముడా?” మొగుడివైపు తిరిగింది. “ఆ నాలిక ఒగ్గేయ్! నీ నాలిక లాగి నీల్లు పోత్తే మింగగలవేటి?”

గవరయ్య బెదిరి వదిలేశాడు. దూడ తల వేలాడేసి చాలాసేపు దగ్గింది. అది తగ్గాక బంగారి దాని తల మరీ పైకెత్తకుండా పట్టుకుని, మిగిలిన మందు కొంచెం కొంచెంగా పోసింది. గుటక పడ్డాకే నన్ను మళ్లీ వంచింది.

మర్నాడు పేడలో ఉడికిన సేమ్యాలాంటి పాముల ఉండలు పడ్డాయి. సిమ్మాలమ్మ వాటిని పారతో ఎత్తి, దూరంగా గొయ్యి తీసి పాతింది. నా భయం మాత్రం తీరలేదు. మొదటి దూడకూ రొప్పు వెంటనే రాలేదు.

పొద్దు వాలే వేళకు ముగ్గురూ పాక గుమ్మంలో చోడి అంబలి, ఉల్లిపాయలు పెట్టుకుని కూర్చున్నారు. చెవులన్నీ లోపలే ఉన్నాయి. దూడ లేచింది. తూలింది. తల్లి పొదుగు కిందికి మూతి దూర్చి కుమ్మింది. గేదె చేపింది. చప్పరింపు మొదలైంది.

చూస్తే ఎక్కడ ఆగిపోతుందోనని ఎవరూ తల తిప్పలేదు. అది తాగుతున్నంతసేపూ ముగ్గురూ అంబలి తాగారు.