చెయ్యెత్తిన బస్తీ

మా వాళ్లంత తెలివితక్కువవాళ్లు ఈ హైదరాబాదులోనే ఉండరు. నన్నూ కలుపుకునే అంటున్నాను. లేకపోతే సొంత ఇల్లు పడగొడతామంటే ఎవరైనా నవ్వుతూ చెయ్యెత్తుతారా?

మేం ఉండేది ఫిల్మ్‌నగర్ వెనక గుట్ట వాలులో, రేకుల ఇళ్లలో. బస్తీలో సగం మందిమి జూనియర్ ఆర్టిస్టులం. సినిమాలో పెళ్లి జరిగితే అక్షింతలు వేసేదీ, ఊరేగింపైతే వెనక నడిచేదీ మేమే. తెల్లవారకముందే పిలుపు వస్తుంది. ఇక్కడుంటే లేచి మొహం కడుక్కుని నడిచి పోవచ్చు. మా ఆయన పోయాక నేను ఎవరి ముందూ చెయ్యి చాచకుండా బతికానంటే, పని నడకదూరంలో ఉండబట్టే.

హైటెక్ సిటీకి పోయే కార్లు పెరిగాక మా వాలు మీద అందరి కళ్లూ పడ్డాయి. బస్తీ తీసేసి రోడ్డు వేయాలనీ, మాకు ఊరవతల ఫ్లాట్లు కట్టివ్వాలనీ ఒక ప్లాను తయారైంది. నగరపాలక ఎన్నికలు వచ్చేసరికి అంతా అదే మాట. మా వార్డులో నిలబడ్డ పట్టాభిరామయ్యగారు ఆ ప్లాను కావాలనేవారు. ఆయనకు సినిమాలు తీసే కంపెనీ కూడా ఉంది. మాకు దొరికే పనిలో ముప్పాతిక భాగం అక్కడిదే.

ఆయన సభకు జనం కావాలని మా ఏజెంటు వెంకటనర్సయ్యకు కబురొచ్చింది. షూటింగులకు మమ్మల్ని పోగుచేసి తీసుకెళ్లేది ఆయనే. మా బస్తీవాడే, మా ఇంటి వెనకే ఉంటాడు.

"జర మంచి చీరలు కట్టుకోండ్రి లీలక్కా. టీవీలోళ్లు గూడ వస్తుండ్రు," అన్నాడు.

"భోజనం పెడతారా, పులిహోర పొట్లంతో సరిపెడతారా?" అని అడిగాను. ఎవరి సభ, ఎందుకు సభ అని మాత్రం అడగలేదు. అడిగే అలవాటే మాకు లేదు.

ఆ అలవాటు గురించి చెప్పాలి. షూటింగులో హీరో ఏం మాట్లాడుతున్నాడో మేం వినం. ఒకే డైలాగు పొద్దస్తమానం చెబుతుంటే ఎవరు వింటారు? ఏజెంటు కెమెరాకు కనపడకుండా ఓ పక్కన నిలబడతాడు. ఆయన రుమాలు ఎత్తితే చేతులెత్తుతాం, ఊపితే నవ్వుతాం, దించితే ఆపుతాం. మా చూపు రుమాలు మీదే ఉంటుంది.

యూసుఫ్‌గూడ సభలోనూ అంతే. పట్టాభిరామయ్యగారు మైకు ముందు ఏదో చెబుతున్నారు. పక్కన కూర్చున్న రాజమ్మ తన కోడలి గొప్పలు చెబుతోంది, నేను ఊకొడుతున్నాను. రుమాలు లేచింది, చేతులెత్తాం. రుమాలు ఊగింది, నవ్వాం. పొట్లాలు తీసుకుని ఇంటికొచ్చాం.

సాయంత్రం టీవీ పెడితే మా కొంప మునిగిన సంగతి తెలిసింది. "బస్తీ ఖాళీ చేసి కొత్త ఫ్లాట్లకు వెళ్లడం మీకు సమ్మతమేనా?" అని ఆయన అడుగుతున్నారు. మేమంతా చేతులెత్తి పళ్లికిలిస్తున్నాం. ముందు వరసలో నేనే. అరికాలి మంట నెత్తికెక్కింది. వెంకటనర్సయ్యను నిలదీద్దామని వెళితే తలుపేసుకుని కూర్చున్నాడు. ఆ తర్వాత ఎక్కడ ఎదురుపడినా పక్కసందులోకి తిరిగిపోయేవాడు.

పట్టాభిరామయ్యగారు గెలిచారు. కొన్నాళ్లకు అభ్యంతరాలుంటే చెప్పుకోమని బస్తీవాళ్లను వార్డు ఆఫీసుకు పిలిచారు. ముందు కుర్చీల్లో ఆయన మనుషులున్నారు. ప్లానింగ్ అధికారి అరుణజ్యోతిగారు వచ్చి కూర్చోగానే, మేం వెళ్లం మేడమ్ అని అందరం ఒక్కసారే అన్నాం.

ఆవిడ కోప్పడలేదు. "మొన్న వెళ్తామని చేతులెత్తిండ్రు, టీవీలో నేనూ చూశాను. ఇయ్యాల మిమ్మల్ని ఎవరు తీసుకొచ్చిండ్రో నాకెట్ల తెలుస్తది? గుంపుగా వద్దు. ఒక్కొక్కరు లేచి, పేరు చెప్పి, మీ మాట మీరు చెప్పండి. ఎవరూ చెప్పకపోతే సమ్మతమనే రాయాలి."

ఎవరూ లేవలేదు. ఇన్నేళ్లలో మాకెవరూ ఒక్క డైలాగు ఇచ్చిన పాపాన పోలేదు. అందరం అలవాటుగా వెంకటనర్సయ్య కోసం వెతుక్కున్నాం. ఆయన గుమ్మం బయట తల దించుకుని నిలబడి ఉన్నాడు. నాకు ముందు ఏడుపొచ్చింది, తర్వాత ఒళ్లు మండింది. లేచాను.

"నా పేరు లీలాకుమారి అండీ," అన్నాను. "మా అమ్మాయి ఆ ఇంట్లోనే పుట్టింది. మా ఆయన ఆ ఇంట్లోనే పోయాడు. మీరిచ్చే ఫ్లాటు మంచిదే కావచ్చండీ. కానీ తెల్లారకముందు అక్కణ్ణుంచి బస్సే లేదు. పని పోగొట్టుకుని ఆ ఫ్లాటులో గోడలు చూస్తూ కూర్చోమంటారా? నేను వెళ్లనండీ."

ఆవిడ రాసుకున్నారు. రాజమ్మ లేచింది. ఆ తర్వాత ఆగలేదు, ఒకరి వెనక ఒకరు లేచారు. కొందరు పేరు చెప్పి ఏడ్చి కూర్చున్నారు. అందరిదీ అయ్యాక వెంకటనర్సయ్య లోపలికి వచ్చాడు. ముందు కుర్చీల్లోంచి ఒకాయన తిరిగి ఆయన్ని గుడ్లురిమి చూశాడు.

"నేను వెంకటనర్సయ్య, మేడమ్. గా దినం వీళ్లతోని చేతులెత్తించింది నేనే. నా ఇల్లు గూడ గాడనే ఉంది. నేను గూడ పోను."

"మీ ఇల్లు పోయే మాటకు మీరే ఎందుకు చేతులెత్తించారు?"

"స్టేజి మీదికెల్లి నాకు సైగ చేసిండ్రు మేడమ్. నేను గాళ్ల దిక్కే చూస్తున్న. ఆయన ఏమడిగిండో నేను గూడ వినలే."

ఎన్నాళ్ల నుంచో ఆయన్ని కడిగిపారేయాలని దాచుకున్న తిట్లలో ఒక్కటీ నా నోటికి రాలేదు.

సమ్మతం లేదని రాసి ప్లాను వెనక్కి పంపుతానని అరుణజ్యోతిగారు అన్నారు. ముందు కుర్చీల్లోవాళ్లు లేచి వెళ్లిపోయారు. ఇక పట్టాభిరామయ్యగారి కంపెనీ నుంచి మాకు పిలుపు రాదని వెంకటనర్సయ్యకూ తెలుసు, నాకూ తెలుసు. ఎక్కడ కూర్చోవాలో తెలియనట్టు ఆయన ఇంకా నిలబడే ఉన్నాడు. నేను బెంచీ మీద కాస్త జరిగి చోటిచ్చాను.