బండి వెనక రెండు వంకర గీతలు

ఆ దీపం మొదటిసారి వెలిగినప్పుడు నాకంటే ముందు సుసన్న చూసింది. వెనక సీటులోంచి మెడ చాపి నవ్వింది.

"పరశురాం అన్నా, నీ బండి ఎనక పాములు పడ్డయే!"

మీటరులో పసుపు రంగు కారు బొమ్మ. దాని చక్రాల కింద నుంచి రెండు వంకర గీతలు. నిజమే, రెండు పాములు వెంట పడ్డట్టే ఉంది. కింద ఇంగ్లీషులో ఏదో రాసి ఉంది. నేను ఏడో తరగతిలో బడి వదిలినవాణ్ణి. ఆ అక్షరాలు కూడబలుక్కునే లోపల బండి ఎంత దూరం పోతుందో! పక్కన కూర్చున్న మనోజ చదివి చెప్పింది.

"స్టెబిలిటీ కంట్రోల్ చూపించుకోమంటుంది చిన్నబాపు."

"అంటే ఏంది?"

"మలుపుల కాడ బండి జారకుండ పట్టుకునేది. గది పని చేస్తలేదట."

మేము అప్పుడే క్రషర్ మలుపు దాటాము.

ఇబ్రహీంపట్నం అంచున మా వాడ నుంచి సాగర్ రోడ్డు ఎక్కాలంటే కంకర క్రషర్ గోడను చుట్టి పోవాలి. స్టీరింగు ఎడమకు ఆఖరుదాకా తిప్పితే గానీ బండి తిరగదు. ఎడమ పక్క గోడ. కుడి పక్క రాయి తీసి వదిలేసిన గుంత, అడుగున పచ్చటి నీళ్లు. ఎదురుగా ఎప్పుడు ఏ టిప్పర్ వస్తుందో గోడ వల్ల కనిపించదు. మన్నెగూడ దాకా వెంచర్లు లేచాయని, మా దగ్గర ఇంత రేటు పలికిందని అందరూ మీసాలు తిప్పుతారు. ఆ వెంచర్లకు కంకర ఏ దారిన పోతుందో ఆ దారిలో ఉన్నవాళ్లను అడగాలి. మా అన్న ఎల్లేశ్ ఆ మలుపులోనే టిప్పర్ కింద పడి చచ్చిపోయాడు. మనోజ ఆయన బిడ్డ.

ఇంట్లో మేము నలుగురం. మా అమ్మ మాణిక్యమ్మ, వదిన నిర్మల, మనోజ, నేను. నా భార్య పుట్టింటికి పోయింది, రాలేదు. ఆ ముచ్చట ఇక్కడ అక్కర్లేదు. భూమి పోయినప్పుడు వచ్చినదాంతో ఈ పెద్ద కారు కొన్నాను, ఒకరు వాడినదే. రావిర్యాల పక్క కంపెనీకి సుసన్నలాంటి ఆడపిల్లలను తీసుకుపోయి తీసుకొచ్చే పని దొరికింది. ఆ కంపెనీలోనే మనోజకూ ఉద్యోగం వచ్చింది. పిల్లను రోడ్డు మీదికి పంపనని ఏడ్చిన అమ్మ, నా బండిలో పోతుందంటేనే ఒప్పుకుంది.

"నీ చేతుల పెడుతున్న కొడుకా," అంది. "ఎట్ల తీస్కపోతవో గట్లనే తేవాలె."

ఆ మాట రోజూ నా మెడ మీద కూర్చునేది.

నగరంలో కంపెనీవాళ్ల సర్వీసు సెంటరుకు తీసుకుపోతానని ముందు రోజు ఇంట్లో చెప్పాను. పొద్దున నేను స్నానం చేసి వచ్చేసరికి అమ్మ ముందు చక్రం దగ్గర చతికిలబడి ఉంది.

"ఏం చేస్తున్నవే?"

"మట్టి తీస్తున్న. పదిమంది సూసే కాడికి పోయే బండి, గలీజ్‌గ పోతదా?"

సర్వీసు సెంటరులో దివాకర్ అనే కుర్రాడు, మెడలో కార్డు, చేతిలో ట్యాబ్. బండికి వైరు తగిలించి కంప్యూటర్ చూశాడు. చక్రం దగ్గర సెన్సార్ ఉంటుందట, అది మార్చారట. దీపం ఆరిపోయింది. "ఆల్ క్లియర్ సర్" అన్నాడు. వాళ్ల ఆవరణలో నాలుగు పక్కలా తిప్పి చూశాను. వెలగలేదు.

ఇంటికి తెచ్చాక అమ్మ చెంబుతో పసుపు నీళ్లు తెచ్చి బండి చుట్టూ చల్లింది. మళ్లీ ఆ చక్రం దగ్గరే కూర్చుంది. ఊళ్లోవాళ్ల చేతులన్నీ పడ్డ బండి కదా, దిష్టి తీస్తోందనుకుని అటు చూడలేదు. ఆ పనులంటే నాకు మంట. బండి కొన్న కొత్తలో ముందర నిమ్మకాయలు, మిరపకాయలు గుచ్చి కట్టింది. తెంపి పారేశాను. "అన్న బండికి కూడ కట్టినవ్ కద, ఏమైంది?" అని అడిగాను. మళ్లీ ఎప్పుడూ కనబడేలా ఏమీ కట్టలేదు.

మరునాడు క్రషర్ మలుపులో స్టీరింగు తిప్పానో లేదో, పసుపు దీపం వెలిగింది.

మన్నెగూడలో యోహాను అని నాకు తెలిసిన మెకానిక్ ఉన్నాడు. ముందు రోజే ఇంట్లో చెప్పి, బండి అతని దగ్గరికి తీసుకుపోయాను. మాటల పుట్ట. బండి కింద దూరి, పైకి లేచి, చేతులు తుడుచుకుంటూ అన్నాడు: "బావా, ఏం లేదు ఇండ్ల. పా, నీ మలుపు కాడికే పోదాం."

తనే నడిపాడు. నేను పక్కన. క్రషర్ మలుపులో రెండు సార్లు తిప్పాడు, మూడోసారి కావాలని జోరుగా తిప్పాడు. నేను తలుపు పిడి పట్టుకుని కళ్లు మూసుకున్నాను. దీపం వెలగలేదు.

"బండికి ఏం కాలే. నీకే అయింది. నీ మొకం చూస్తే దీపం నీ నెత్తిల ఎలుగుతుంది."

నవ్వాడు. నేనూ నవ్వినట్టు చేశాను. ఇంటికి పోతుంటే ఒక ఆలోచన వచ్చింది. వచ్చాక పోలేదు. యోహాను నడిపితే వెలగలేదు, సర్వీసు సెంటరులో వెలగలేదు. మనోజ కూర్చుంటేనే వెలుగుతోంది. వాళ్ల నాయన పోయిన చోటనే వెలుగుతోంది.

నేను ఇట్లాంటివి నమ్మేవాణ్ణి కాదు. నమ్మేవాళ్లను తిట్టేవాణ్ణి. కానీ మరునాడు ఆ పిల్లను పక్కన కూర్చోబెట్టుకుని మలుపు తిరిగినప్పుడు పసుపు దీపం టక్కున వెలిగింది. నా వీపు మీద ఎవరో చెయ్యి పెట్టినట్టయింది. అద్దంలో వెనక్కి చూశాను. సుసన్న చెవుల్లో తీగలు పెట్టుకుని పాట వింటోంది. అంతే.

మళ్లీ సర్వీసు సెంటర్. ఈసారి రెండు రోజులు ఉంచుకున్నారు. స్టీరింగు కింద ఏదో మార్చారు. దివాకర్ ట్యాబ్ చూస్తూ, నా మొహం చూడకుండా అన్నాడు: "ఓల్డ్ వెహికల్ కదా సర్, ముందు ఓనర్ దగ్గర యాక్సిడెంట్ అయి ఉండొచ్చు."

"అయిందా, ఉండొచ్చా?"

"ఉండొచ్చు సర్."

ఆ 'ఉండొచ్చు' ఇంటిదాకా నాతో వచ్చింది. ఈ సీటులో ఎవరు కూర్చున్నారో, ఏ మలుపులో ఏమైందో! బండి తెచ్చి నిలబెట్టగానే అమ్మ పసుపు నీళ్లతో వచ్చింది. పొద్దున మలుపులో మళ్లీ వెలిగింది.

బండి అమ్మేద్దామనుకున్నాను. అమ్మితే పని పోతుంది. మనోజ ఎవడి బండిలోనో అదే మలుపు తిరగాలి. అది ఇంకా భయం. అందుకని ఒక ఉపాయం చేశాను. మలుపుకు ముందే బండి ఆపి ఆడపిల్లలందరినీ దింపేవాణ్ణి. వాళ్లు గోడ వెంబడి నడిచి అటు రావాలి. నేను ఒక్కణ్ణే మలుపు తిప్పి అవతల ఎక్కించుకోవాలి. ఒక్కణ్ణే ఉన్నా వెలిగేది. ఆ పిల్ల బండిలో లేకున్నా వెలిగిందంటే నా అనుమానం తప్పేనని ధైర్యం రావాలి కదా! రాలేదు. అన్న ఇప్పుడు నా కోసం వస్తున్నాడనిపించింది.

"పెండ్లి ఊరేగింపు లెక్క నడిపిస్తున్నవ్ గదనే అన్నా," అనేది సుసన్న. "బ్యాండు కూడ పెట్టియ్యరాదు?"

"నడువ్, కాళ్లు అరగవులే."

"చిన్నబాపు, నిజం చెప్పు. బండి కరాబైందా?" మనోజ మెల్లగా అడిగింది.

"ఏం కాలే."

"మరి మమ్ముల ఎందుకు దింపుతున్నవ్?"

"ఎక్కు, టైం అయితుంది," అన్నాను. రోజూ ఆలస్యమవుతోందని కంపెనీ సూపర్‌వైజర్ ఫోన్ చేసి తిట్టాడు. ఇంకోసారి ఆలస్యమైతే వేరే బండి పెట్టుకుంటానన్నాడు.

ఆ వారంలోనే వాన పట్టుకుంది. గోడ వెంబడి మోకాలు లోతు బురద. మలుపు ముందు బండి ఆపి, దిగండి అన్నాను.

"ఈ బురదల దిగుమంటవా? మేం దిగం," సుసన్న ఖరాఖండిగా చెప్పింది. వెనక మిగతా పిల్లలు కూడా అదే మాట.

మనోజ గడియారం చూసింది. "పోనియ్యి చిన్నబాపు. మెల్లగ పోదాం."

మెల్లగానే పోయాను. మనిషి నడిచినట్టు. స్టీరింగు ఎడమకు ఆఖరుదాకా తిప్పాను. పసుపు దీపం వెలిగింది. అదే క్షణంలో గోడ అంచున టిప్పర్ ముక్కు కనబడింది. బ్రేకు తొక్కాను. పెడలు నా అరికాలిని కిందినుంచి దడదడ తన్నింది. లోపల ఎవడో కూర్చుని వద్దు వద్దని నా కాలును తోసేస్తున్నట్టు తన్నింది. బండి ఆగలేదు. చక్రాలు పట్టీ పట్టనట్టు, తిరిగీ తిరగనట్టు, ముందుకే జారుతోంది. టిప్పర్ హారన్ చెవుల్లో నిండిపోయింది. దాని అద్దం మా అద్దాన్ని తాకి విరిచేసింది. కుడి పక్క పచ్చటి నీళ్లు నా కళ్ల కిందికి వచ్చాయి. హ్యాండ్ బ్రేకు లాగాను. బండి వెనక భాగం ఊగి, నిలబడింది.

వైపర్లు ఇంకా కొట్టుకుంటున్నాయి. మనోజ రెండు చేతులూ ముందర ఆనించి అట్లాగే ఉంది. టిప్పర్‌వాడు ఆగకుండానే బూతులు తిట్టుకుంటూ పోయాడు.

వెనక పిల్లలు ఎడమ తలుపు తీసుకుని బురదలోనే దిగారు. నేనూ దిగాను. ముందు కుడి చక్రం గుంత అంచున ఉంది. స్టీరింగు ఆఖరుదాకా తిరిగి ఉండడంతో చక్రం వంకరగా నిలబడి, రోజూ కనబడని లోపలి పక్క కనబడుతోంది. అక్కడ ఒక నల్లటి తాడు.

వంగి చూశాను. మొలతాడు. దానికి ఇత్తడి తాయెత్తు, ఒక పక్క సొట్ట పోయి ఉంది. చిన్నప్పుడు మా అన్న ఆ తాయెత్తును పళ్లతో కొరికేవాడు. ఆ సొట్ట నాకు తెలుసు. ఆయన్ను కాల్చే ముందు మొలతాడు తెంపడం నా కళ్లతో చూశాను. అది ఆయన చచ్చిన చోట, నా బండి చక్రంలో ఉంది.

నా గొంతులోంచి ఒక శబ్దం వచ్చింది. మాట కాదు. వెనక్కి జరగబోయి బురదలో కూలబడ్డాను.

"చిన్నబాపు! ఏమైంది?"

"అక్కడనే ఉండు! దగ్గరికి రాకు!"

కూర్చున్నచోటనే చాలాసేపు చూశాను. అది కదలలేదు. తాడు తాడులాగే ఉంది. చూడగా చూడగా ముడి కనబడింది. రెండు వేళ్లతో లోపలికి తోసి వేసిన బిగువు ముడి. అమ్మ బియ్యం మూటకు వేసే ముడి. దాని మీద పసుపు. మొలతాడు చక్రం వెనక ఉన్న కడ్డీకి, పక్కనుంచి పోయే సన్నటి వైరుకు కలిపి చుట్టి ఉంది. స్టీరింగు ఎడమకు తిప్పినప్పుడల్లా ఆ వైరు తాడు పట్టున బిగిసి, సాగి, తెగడానికి వచ్చింది. చక్రం ఎట్లా తిరుగుతోందో బండికి చెప్పే వైరు అదే. అది తప్పు చెప్పడం వల్లే బ్రేకు పట్టకుండా నా కాలిని తన్నింది. దివాకర్ మార్చింది దాని చివర ఉన్న సెన్సార్‌నే.

మట్టి తీస్తున్న, అని అమ్మ చక్రం దగ్గర కూర్చున్నది గుర్తొచ్చింది. పరాయివాళ్లు తెంపి పారేస్తారని బండి రిపేరుకు పోయే ముందు విప్పుకునేది. ఇంటికి రాగానే మళ్లీ కట్టేది.

ముడి విప్పి జేబులో వేసుకున్నాను. బండి మెల్లగా వెనక్కి తీసి, ఆపి, మళ్లీ స్టార్టు చేసి రోడ్డెక్కించాను. కొంచెం దూరం పోయాక దీపం దానంతటదే ఆరిపోయింది. పిల్లలకు ఏమీ చెప్పలేదు.

సాయంత్రం అమ్మ గడప మీద కూర్చుని ఉంది. విరిగిన అద్దం చూడలేదు, నా మొహమూ చూడలేదు. ముందు చక్రం వైపే చూసింది. మనోజ లోపలికి పోయేదాకా ఆగి, మొలతాడు తీసి ఆమె ముందు పెట్టాను.

"తీసినవా?" ఆమె దాన్ని రెండు చేతుల్లోకి తీసుకుంది. "ఎందుకు తీసినవ్ రా? నేను కాటికాడ ఎవలు సూడకుంట కొంగుల దాసుకుని తెచ్చిన. వాని బిడ్డను వాడే పట్టుకుంటడని కట్టిన. ఇగ ఆ మలుపుల పొల్లను ఎవలు పట్టుకుంటరు?"

దీని వల్లనే ఇయ్యాల ఆ పిల్ల గుంతల పడేది, అనే మాట నాలుక చివరిదాకా వచ్చింది. జీవితంలో ఆమెను అనని చేదు మాట ఒక్కటీ మిగల్చలేదు నేను. ఆ మాట మాత్రం అనలేకపోయాను. అంటే ఆమె ఆ రాత్రి దాటేది కాదు.

"మొలతాడు మనిషికి కడుతరు గని చక్రానికి కడుతరా?" అన్నాను. "నడిపేది నేను. నాకు కట్టు."

ఆమె నా అంగీ ఎత్తి, నడుముకు కట్టింది. అదే ముడి.

"మలుపు దాటినంక ఒకసారి హారన్ కొట్టు కొడుకా. నాకు ఇనబడాలె."

ఆ రోజు నుంచి దీపం వెలగలేదు. "పాములు పోయినయి అన్నా," అంది సుసన్న. పోయాయి. దీపం వెలుగుతున్నప్పుడు భయం ఎక్కడుందో నాకు తెలిసేది, వేలు పెట్టి చూపించేవాణ్ణి. ఇప్పుడు మీటరు అద్దం వెనక అంతా నలుపు. మలుపు దగ్గర స్టీరింగు ఆఖరుదాకా తిప్పినప్పుడు తాయెత్తు సొట్ట నా పొట్టలో గుచ్చుకుంటుంది. అది అన్న పట్టుకోవడమో, లాగడమో నాకు తెలియదు.

నిన్న మలుపు దాటాక కూడా ఆ నల్లటి చోటునే చూస్తూ పోతున్నాను.

"హారన్ కొట్టు చిన్నబాపు," అంది మనోజ. "నాయినమ్మ ఇంటుంటది."

కొట్టాను. గోడ వెనక నుంచి టిప్పర్ హారన్ జవాబు ఇచ్చింది.