ఎడమకే చూసే వీరుడు

ఆసుపత్రిలో ఎక్స్‌రేలు తీసే అతన్ని అందరూ 'ఎక్స్‌రే గారూ' అనే పిలిచేవారు. నలభై ఆరేళ్ల మనిషి. నెత్తి మీద జుట్టు ఏనాడో సెలవు తీసుకుంది. మిగిలిన నాలుగు వెంట్రుకలూ చెవుల వెనక తలదాచుకున్నాయి. కానీ ఇరవై ఏళ్లుగా తీరిక దొరికినప్పుడల్లా అతను గీసేది మాత్రం యానిమే అనే జపాన్ కార్టూన్ల వీరుల బొమ్మలు. చారడేసి కళ్లు, మొనదేలిన గడ్డం, ముళ్లపంది వీపులా నిక్కబొడుచుకున్న జుట్టు. "తల మీద మొలవనిదంతా కాగితం మీద మొలిపించుకుంటున్నారు" అని భార్య నవ్వేది. ఆవిడకు వాళ్లుండే ఇంటి కింది గదిలోనే సొంత సెలూన్ ఉంది. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా ఆడవాళ్లకూ పిల్లలకూ జుట్టు కత్తిరిస్తుంది.

అతని వీరులందరికీ ఒకటే గుణం. ఎడమవైపే చూస్తారు. పదకొండు నోటుపుస్తకాలు నిండాయి గానీ కుడివైపు తల తిప్పిన మగాడు ఒక్కడూ లేడు. ఎవరైనా అడిగితే "అది నా శైలి" అనేవాడు. నిజం అతనికి తెలియకపోలేదు. కుడివైపు గీస్తే ముక్కు ఒక దారి, గడ్డం ఇంకో దారి పట్టేవి. ఎదురుగా గీస్తే రెండు కళ్లూ ఆస్తి తగాదాలున్న దాయాదుల్లా ఒకదాన్నొకటి చూసుకునేవి కావు. చేతకానిదానికి శైలి అని పేరు పెట్టినవాడెవరో గానీ వాడి కాళ్లకు దండం పెట్టాలి అనుకునేవాడు లోలోపల.

ఒకరోజు హెడ్ నర్సు కంట ఆ నోటుపుస్తకం పడింది.

"ఇంత బాగా గీస్తారని చెప్పరేం? పిల్లలు ఎక్స్‌రే అంటేనే ఏడుస్తున్నారు. లిఫ్టు ఎదురుగా గోడ మీద ఒక బొమ్మ వేసి పెట్టండి. ఆ బాణం గుర్తు బోర్డు తీయించేస్తాను. బొమ్మే పిల్లలకి దారి చూపిస్తుంది. ఎటువైపు తిరిగిన మొహమైనా గీస్తారు కదా?"

"ఎటు తిప్పమంటే అటు తిప్పుతాను మేడమ్. అదెంత పని!" అన్నాడు. జారిన మాటను పట్టుకోవడానికి దానికేమీ తోక ఉండదు.

రెండు ఆదివారాలు నిచ్చెనెక్కి రంగులు పులిమాడు. నిలువెత్తు మొహం. నుదుటి మీద నుంచి ముందుకు పొడుచుకొచ్చిన ఆరు జుట్టు కొసలు. చూసినవాళ్లంతా మెచ్చుకున్నారు. ఆ మెప్పు మత్తులో అతను ఒక చిన్న సంగతి మరిచిపోయాడు. ఎక్స్‌రే గది కుడివైపుంది.

సోమవారం పది గంటలకల్లా లాండ్రీ అక్క అతని గది తలుపు తోసుకుని వచ్చింది. ఆసుపత్రి దుప్పట్లన్నీ ఉతికించే ఆ పెద్దావిడ గొంతు వినపడితే వార్డుబాయిలు కూడా పక్కకి తప్పుకుంటారు.

"తమ్ముడూ, ఆ గోడ మీద కుర్రాడు నీ పనేనా?"

"నాదే అక్కా. నచ్చాడా?"

"నచ్చడం సంగతి తర్వాత. పొద్దుటి నుంచి కాళ్లు విరిగినోళ్లు ఏడుగురు, చెయ్యి విరిగినోళ్లు నలుగురు నా గదికొచ్చారు. ఒక ముసలాయన బట్టలుతికే మెషిన్ ముందు నిలబడి, చొక్కా విప్పి, ఊపిరి బిగబట్టాడు!"

"బొమ్మ చూసి వచ్చారా?"

"మరి? నీ కుర్రాడు నా గదివైపు కళ్లప్పగించి చూస్తున్నాడాయె. దానికి తోడు ఆ జుట్టు! ఆరు బాణాలు. ఆరూ నా గుమ్మం వైపే!"

అతను నవ్వాపుకోలేకపోయాడు. తర్వాత మొహం చెల్లక తల వంచుకున్నాడు. గంటలో సరిచేస్తానని ఆవిడకి మాటిచ్చి పంపించాడు. ఇంకో మాట జారింది.

గంటలో చేసే ఉపాయం ఉందనే అనుకున్నాడు. గోడ బొమ్మకు మూలమైన కాగితాన్ని తిరగేసి, ఎక్స్‌రే ఫిల్ములు చూసే లైటు పెట్టె మీద పెట్టి, వెనకనుంచి దిద్దేస్తే సరి. ఎడమ కుడి అవుతుంది. ఎవరికి తెలుస్తుంది?

లైటు వెలిగించాడు. వీరుడు కుడివైపు తిరిగాడు.

ఆ క్షణంలో అతనికి తట్టిన మొదటి మాట బొమ్మలవాడిది కాదు, ఆసుపత్రివాడిది: దవడ తొలగింది. కింది దవడ బెత్తెడు పక్కకి జరిగి ఉంది. ఒక కన్ను చెంప మీదికి దిగింది. జుట్టు తలలోంచి మొలిచినట్టు లేదు. ఎవరో చీపురు విసిరితే వచ్చి అతుక్కున్నట్టుంది. గబగబా నోటుపుస్తకాలు తెచ్చి ఒక్కో కాగితమే తిరగేసి పెట్టాడు. అందరికీ అదే జబ్బు. కంటికి అలవాటైపోయిన వంకర, తిరగేసేసరికి బయటపడింది. వెంట్రుకంత చీలికను కూడా ఎముకలో పట్టుకోగలడని పేరున్న మనిషి, ఇరవై ఏళ్లు తన వీరుల విరిగిన దవడలను చూసి మురిసిపోయాడు.

హెడ్ నర్సు దగ్గరికి వెళ్లి ఉన్న సంగతి చెప్పేశాడు. "నాకు ఎడమవైపు తప్ప రాదు మేడమ్. ఆ ఎడమవైపు కూడా రాదని ఇవాళే తెలిసింది." కుడివైపు బొమ్మ నేర్చుకుని వేయడానికి ఆవిడ పది రోజులు గడువిచ్చింది. ఈలోగా వీరుడి ముక్కు మీద ఒక కాగితం అంటించారు: 'ఎక్స్‌రే కుడివైపు. బొమ్మను నమ్మవద్దు.' రోజూ డ్యూటీకి వెళ్తూ అతను ఆ కాగితం చదువుకోవాల్సి వచ్చేది.

ఆ సాయంత్రం సెలూన్‌లో ఆఖరి మనిషి వెళ్లిపోయాక, కుర్చీలో కూలబడి భార్యకు జరిగిందంతా చెప్పాడు. ముసలాయన సంగతి వచ్చేసరికి ఆవిడ పడీపడీ నవ్వింది. తర్వాత నోటుపుస్తకం తీసుకుని, అద్దంలో చూపిస్తూ నాలుగు కాగితాలు తిప్పింది.

"ఈ జుట్టు ఎక్కడ మొదలైంది?"

"ఎక్కడేమిటి? తల మీద."

"తల మీద ఎక్కడ? జుట్టుకి పుట్టిల్లు ఉంటుందండీ. సుడి. అక్కడి నుంచే అన్నివైపులకీ బయల్దేరుతుంది. మీరు కొసలు ముందు గీసి, తర్వాత వాటిని తలకి తగిలిస్తున్నారు. అందుకే తల తిప్పగానే అన్నీ ఊడిపోతున్నాయి."

అతను కాగితాన్ని అద్దం ముందు ఇంకోసారి తిప్పి చూసుకున్నాడు.

"ఇరవై ఏళ్లుగా జుట్టు గీస్తున్నారు. ఇంట్లో జుట్టు పనే చేసే మనిషొకతె ఉందని ఒక్కనాడైనా గుర్తొచ్చిందా?"

"పెరటి చెట్టు మందుకు పనికిరాదని..."

"చాల్లెండి. లేవండి. నేను కూర్చుంటాను."

ఆవిడ జడ విప్పుకుని కుర్చీలో కూర్చుంది. దువ్వెన అతని చేతికిచ్చింది. పాయలు పాయలుగా విడదీసి, ఏ పాయ ఎటు పడుతుందో చూడమంది. చెవి ఎక్కడుందో చూడమంది. పక్క నుంచి చూస్తే అది తల మధ్య గీతకు వెనకగా ఉంది. అతను తన బొమ్మల్లో చెవిని బుగ్గ మీద పెట్టేవాడు. రోజుకు ఎన్ని పుర్రెలు పక్కనుంచి ఫోటో తీస్తాడు! అయినా చెయ్యి పెన్సిల్ పట్టుకోగానే అదంతా ఎవరో పరాయివాడి చదువైపోయేది.

"పుర్రె మీకు తెలుసు. జుట్టు నాకు తెలుసు. ముందు మీది గీయండి, దాని మీద నాది వేద్దాం," అంది ఆవిడ.

కుడి చెవి వెనక ఒక పాయ ఎత్తేసరికి సన్నని తెల్లటి మచ్చ కనిపించింది, చిటికెన వేలంత పొడవు.

"ఇదేమిటి?"

"నా ఏడో ఏట ఉయ్యాల మీంచి పడ్డాను. ఆరు కుట్లు."

"నాకెప్పుడూ చెప్పలేదు."

"మీరెప్పుడూ వెనక నుంచి చూడలేదు" అంది ఆవిడ మామూలుగా, దెప్పుతున్నట్టు కాకుండా. అతను దువ్వెన పక్కన పెట్టాడు. ఊరందరి ఎముకలూ చూస్తాడు. పదిహేడేళ్లు పక్కన ఉన్న మనిషి చెవి వెనక ఏముందో తెలియదు. మచ్చ మీద మెల్లగా వేలు పెట్టి, పాయను మళ్లీ యథాస్థానంలో వేశాడు.

ఆ రోజు నుంచి డ్యూటీ దిగగానే సెలూన్ మూలలో స్టూలు వేసుకుని కూర్చునేవాడు. వచ్చినవాళ్ల తలలు ఎదురుగా, పక్కనుంచి, వెనకనుంచి గీసేవాడు. ముందు గుండ్రటి పుర్రె, మధ్య గీత, కళ్ల గీత, తర్వాత సుడి, ఆ తర్వాతే ముళ్లు. ఒక పిల్ల తన బొమ్మ చూసుకుని "ఈ అనాసపండు ఎవరంకుల్?" అంది. అతను కింద 'అనాసపండు' అని రాసి ఆ కాగితం ఆ పిల్లకే ఇచ్చేశాడు. తొమ్మిదో రోజుకి కుడివైపు మొహం ఒకటి నిలబడింది. అద్దంలో పెట్టి చూశారు ఇద్దరూ. దవడ కదల్లేదు.

పదో రోజు పాత వీరుడి మీద సున్నం వేసి కొత్తవాణ్ణి గీశాడు. ముక్కు కాస్త పొడుగైంది. ఒక కనుబొమ్మ ఇంకా దేనికో ఆశ్చర్యపోతూనే ఉంది. కానీ వాడు కుడివైపు చూశాడు, చూసిన పిల్లలు కుడివైపు నడిచారు. లాండ్రీ అక్క వచ్చి నడుం మీద చేతులు పెట్టుకుని చాలాసేపు పరీక్షించింది.

"పాతోడే అందగాడు. కానీ వీడికి బుద్ధుంది," అంది.

ఇరవై ఏళ్లలో తన బొమ్మకు దక్కిన నికార్సైన మెప్పు అదేనని అతనికి అనిపించింది.

ఇప్పుడు హెడ్ నర్సు ఎక్స్‌రే బల్ల పైన, కప్పు మీద ఇంకో బొమ్మ అడుగుతోంది. పడుకున్న పిల్లలకు కనపడేలా, ఆకాశంలోకి తలెత్తి చూసే వీరుడు. కింది నుంచి చూసిన మొహం. అన్నిటికంటే కష్టమైన కోణం అదే. భార్య తల కడిగే బేసిన్ మీద మెడ వెనక్కి వాల్చి పడుకుంటోంది, అతను కింద చతికిలబడి గీస్తున్నాడు. ఇప్పటికి పదహారు కాగితాలయ్యాయి. ప్రతిదాంట్లోనూ ముక్కు గోడకుండే కరెంటు ప్లగ్గులాగే వస్తోంది.

"అయిందా? మెడ పట్టేస్తోంది."

"కదలకు. గడ్డం దాకా వచ్చాను."

"నిన్న కూడా గడ్డం దాకానే వచ్చారు."

"నిన్నటిది వేరే గడ్డం," అన్నాడతను, రబ్బరు కోసం చొక్కా జేబు తడుముకుంటూ.