ఎనిమిదో నంబరు కాగితం

కండక్టరు బస్సు దిగిపోయి రెండేళ్లయినా అందరూ ఆయన్ని కండక్టరనే పిలుస్తారు. ఇరవై ఏడేళ్లు నిలబడి టిక్కెట్లు కొట్టిన మోకాళ్లు ఒకరోజు ఇక మావల్ల కాదన్నాయి. ఇంట్లో కూర్చుంటే తోచదు. అలాంటప్పుడు, కాలేజీలో మనుషుల నడవడి మీద పరిశోధన చేసే మేడమ్ ఒకావిడ దగ్గర పని దొరికింది. ఫోన్లో ఆటల మీద పందేలు కాసేవాళ్లు ఒప్పుకుంటే, మ్యాచ్ జరిగినంతసేపూ వాళ్ల పక్కన కూర్చోవాలి. చెయ్యి ఫోన్ మీదికి ఎప్పుడు వెళ్లింది, ఓడాక ఎంతసేపటికి మళ్లీ కాశాడు, అంతా గడియారం చూసి రాయాలి. మనిషికో నంబరు, నంబరుకో కాగితం.

"ఇదేం పనండీ. వాళ్లు మునుగుతుంటే మీరు గట్టున కూర్చుని నిమిషాలు రాసుకోవడం" అంది భార్య.

"ఎక్కడెంత లోతుందో తెలియాలంటే ఎవరో ఒకరు గట్టున ఉండాలి గదే" అన్నాడాయన.

మేడమ్ మూడు షరతులు పెట్టింది. సలహాలు చెప్పకూడదు. చుట్టాల్ని చేర్చుకోకూడదు. మళ్లీ కాయాలని ఎంత లాగుతోంది, ఒకటి నుంచి పదిలో చెప్పండి అనే ప్రశ్న మ్యాచ్ అయిపోయాకే అడగాలి, మధ్యలో నోరు మెదపకూడదు. మొదటిదీ మూడోదీ ఆయనకు సబబుగానే తోచాయి. రెండోదే మింగుడుపడలేదు. సర్వీసులో ఉండగా సొంత పెళ్లానికే టిక్కెట్టు కొట్టిన మనిషి. చుట్టమైతే మాత్రం గడియారం వేరేగా తిరుగుతుందా అనుకున్నాడు.

అలా అనుకోవడానికి ఒక కారణం ఉంది. ఆయన అక్క కొడుకు బైకుల మెకానిక్కు. షెడ్డులో వాణ్ని స్పానర్ అంటారు. పని వాడి చేతిలో వెన్నలాంటిది గానీ, మ్యాచ్ మొదలైతే మాత్రం ఒక కన్ను బండి మీద, ఒక కన్ను ఫోన్ మీద. కిందటి నెల ఒక బండికి బ్రేకు వైరు బిగించకుండానే వదిలేశాడు. గేటు దాటకముందే షెడ్డు ఓనరు చూశాడు కాబట్టి సరిపోయింది. అప్పటికే ఆ బండి మీద తండ్రీ కూతుళ్లిద్దరు ఎక్కి ఉన్నారు. ఇంకొక్కసారి పనిలో ఫోన్ పట్టుకుంటే ఇంటికి పంపించేస్తానని ఓనరు తెగేసి చెప్పాడు. అక్క వచ్చి ఏడవలేదు, తిట్టలేదు. "నీకు మనుషుల్ని చూసే పని దొరికిందట గదరా తమ్ముడూ, వీణ్ని కూడా కాస్త చూడు" అంది, అంతే.

ఎనిమిదో నంబరు మనిషి మొదట్లోనే మానేస్తే, ఖాళీ అయిన ఆ సీట్లో కండక్టరు మేనల్లుణ్ని కూర్చోబెట్టాడు. మేడమ్‌కి చెప్పలేదు.

మూడు వారాలు తిరిగాడు. మందుల షాపాయన, డ్రాయింగు మాస్టారు, చొక్కాల టైలరు, ఒక్కొక్కరిదీ ఒక్కో తీరు. టైలరు నోట్లో గుండుసూదులు పెట్టుకుని మ్యాచ్ చూసేవాడు. ఓడిన ప్రతిసారీ బొత్తాం తప్పు వైపు కుట్టేవాడు, ఆ చొక్కాలేసుకుంటే ఎడంచేతివాళ్లయిపోతారు జనం. టిక్కెట్టు లేనివాడు కండక్టరు దగ్గరికి రాగానే కిటికీలోంచి బయటికి చూసినట్టే, వీళ్లకీ ఒక గుర్తుంది. అది ఆయన నాలుగో రోజే పట్టాడు. గెలిస్తే ఫోన్ జేబులోకి పోతుంది. ఓడితే బల్ల మీద బోర్లా పడుతుంది. బోర్లా పడిన ఫోన్ నలభై సెకన్లలో, మహా అయితే నిమిషంలో మళ్లీ వెల్లకిలా తిరుగుతుంది. తిరిగిందా, పందెం పడ్డట్టే.

ఓనరు లేని వేళ షెడ్డులో పాత టైరు మీద కూర్చుని మేనల్లుడివీ అలాగే రాశాడు. అలాగే రాశాననే అనుకున్నాడు.

కాగితాలన్నీ పట్టుకుని కాలేజీకి వెళ్లినరోజు మేడమ్ ఒక్కొక్కటే తిరగేస్తూ ఎనిమిదో కాగితం దగ్గర ఆగిపోయింది. కళ్లజోడు పైకి తోసుకుని ఇంకోసారి చూసింది. ఓడడానికీ మళ్లీ కాయడానికీ మధ్య మిగతా అందరికీ నిమిషంలోపు ఉన్న ఎడం, ఈ మనిషికి నాలుగు నిమిషాలు, ఐదు నిమిషాలు ఉంది. మొదటి మ్యాచ్‌లో పదకొండు పందేలు కాసినవాడు ఆరో మ్యాచ్‌కి వచ్చేసరికి రెండు కాశాడు. ఎవరూ ఏమీ చెప్పకుండానే తగ్గాడంటే ఇతనిలో ఏదో ఉంది, రిపోర్టు మొత్తం ఇతని మీదే నిలబడుతుంది కండక్టర్ గారూ అని మేడమ్ సంబరపడిపోయింది. ఇతను ఎలాంటివాడు, ఏం చేస్తుంటాడని అడిగింది.

కండక్టరు మెడ చాచి ఆ కాగితం చూశాడు. మిగతా కాగితాల్లో ఎంత లాగుతోందనే ప్రశ్నకు జవాబు ప్రతి మ్యాచ్ లెక్క కిందా ఒక్కసారే ఉంది. ఈ కాగితంలో ఏడు, ఎనిమిది, ఆరు, ఐదు అంటూ నిలువునా అంకెలే. ఆ రాత తనదే.

అప్పుడు గుర్తొచ్చింది. వాడు ఫోన్ బోర్లా పెట్టిన ప్రతిసారీ తన ప్రాణం ఊరుకోలేదు. ఎంత లాగుతోందిరా అని అడిగేవాడు. వాడు ఆలోచించి ఏడంటే, ఉండు రాసుకోనీ అని పెన్సిలు చెక్కుకునేవాడు. ఏడంటే మరీ ఏడా, ఆరున్నరా అని మళ్లీ అడిగేవాడు. ఈలోగా వాడి చెయ్యి ఏ బోల్టు మీదికో వెళ్లిపోయేది. సలహా ఒక్కటి కూడా చెప్పలేదు, అది నిజం. కానీ ఆ నాలుగు నిమిషాలు వాడివి కావు. తను తెచ్చి పెట్టినవి.

నోరు మూసుకుని కూర్చుంటే గడిచిపోయేదే. పైగా మెచ్చుకోలు కూడా దక్కేది. కండక్టరు లేచి నిలబడ్డాడు.

"ఆ కాగితం చించెయ్యండి మేడమ్. వాడు నా అక్క కొడుకు. మ్యాచ్ మధ్యలో నేనే మాట కలిపాను. అందుకే ఆ ఎడం."

మేడమ్ ఎర్ర పెన్నుతో కాగితానికి ఆ మూల నుంచి ఈ మూలకి గీత కొట్టింది. ముందే ఎందుకు చెప్పలేదని అడిగింది. టిక్కెట్టు సరిగ్గా కొడితే చుట్టమైనా ఒకటే అనుకున్నానన్నాడాయన. టిక్కెట్టుకి అది సరిపోతుందేమో గానీ మనిషి దగ్గర కూర్చోవడానికి సరిపోదంది మేడమ్. ఎనిమిదో నంబరుకి వేరే మనిషిని చూసుకుని మూడు వారాలూ మొదట్నుంచి కూర్చోవాలంది. ఆయన సరేనన్నాడు.

గుమ్మం దాకా వెళ్లాక మేడమ్ వెనక్కి పిలిచింది.

"ఆ అబ్బాయి ఇప్పుడు మన లెక్కలో లేడు. కాబట్టి మీరు అతనితో ఏం మాట్లాడినా నాకు అభ్యంతరం లేదు."

కండక్టరు అటునుంచటే షెడ్డుకి వెళ్లాడు. మేనల్లుడు బండి కింద పడుకుని ఉన్నాడు, కాళ్లు మాత్రమే కనిపిస్తున్నాయి. ఆ కాళ్లకే జరిగిందంతా చెప్పాడు. నీ కాగితం కొట్టేశారు, ఇక రేపట్నుంచి రాను అన్నాడు.  స్పానర్ బయటికి జరిగి, నూనె మొహంతో లేచి కూర్చున్నాడు.

"నువ్వు టైరు మీద కూర్చుంటే విసుగ్గా ఉండేది మావయ్యా. మొన్న కూర్చోలేదు. తొమ్మిది పందేలు కాశాను."

"ఓనరు చూశాడా?"

"చూళ్లేదు. ఈసారి చూస్తాడు."

"మానెయ్యమని చెప్పనురా. చెబితే వింటావని నమ్మకం కూడా లేదు. ఒక్కటే అడుగుతా. ఫోన్ బోర్లా పెట్టాక, మళ్లీ తిప్పేముందు నాకు ఫోన్ చెయ్యి. ఎంత లాగుతోందో అంకె చెప్పు. రాసుకుంటా."

"రాసుకుని ఏం చేస్తావ్, కాగితం కొట్టేశారుగా."

"నా కాగితం నా ఇష్టం. నీకెందుకు."

స్పానర్ గుడ్డతో ఒక్కో వేలూ తుడుచుకున్నాడు. మళ్లీ బండి కిందికి జరిగాడు.

ఆదివారం మ్యాచ్ మొదలైంది. కండక్టరు వంటింటి బల్ల దగ్గర నంబరు లేని తెల్లకాగితం పరిచి, పెన్సిలు ముక్కు కావాలనే విరగ్గొట్టి కూర్చున్నాడు. బాగున్న పెన్సిలు ఎందుకు విరుస్తున్నారని భార్య అడిగితే, పని ఉందన్నాడు. గంటయింది. ఫోన్ మోగలేదు. మోకాళ్లు పట్టేసినా లేవలేదు.

నాలుగున్నరకి మోగింది.

"మావయ్యా, తొమ్మిది."

"ఉండరా, పెన్సిలు చెక్కుకోవాలి" అని మెల్లగా, పొర పొరగా చెక్కసాగాడు. అవతల వాడు ఉస్సూరన్నాడు. షెడ్డులో ఎవరిదో రేడియో, ఇనుము మీద ఇనుము పడ్డ చప్పుడు.

"ఆ, చెక్కాను. తొమ్మిదేనా?"

"ఏడనుకో."

"అనుకోవడం ఏంటి, సరిగ్గా చూసి చెప్పు. ఎవరి బండి చేస్తున్నావ్?"

పాలు వేసే ఆవిడ బండి అన్నాడు. ముందు బ్రేకు పట్టడం లేదట. వైరు బిగించావా అని కండక్టరు అడిగాడు. బిగిస్తున్నానన్నాడు స్పానర్, ఆ మాట కాస్త దూరం నుంచి వినిపించింది.

"గట్టిగా మాట్లాడు మావయ్యా. ఫోన్ సీటు మీద పెట్టేశా, రెండు చేతులూ ఖాళీ లేవు."

కండక్టరు గడియారం చూశాడు. నాలుగు నిమిషాలు దాటింది. తొమ్మిది పక్కన ఏడు వేసి, పెన్సిలు ముక్కు బల్ల అంచుకి నొక్కి మళ్లీ విరిచాడు. మ్యాచ్ ఇంకా సగం కూడా కాలేదు.